తులసికోటలోని పాతమన్ను

శ్రీవైష్ణవ గృహములలో తులసికోటకు గల స్థానమును వేరుగా చెప్పనక్కరలేదు. ప్రాతఃస్నానానంతరము నీరు పోయుట, ప్రదక్షిణము చేయుట, ఆరాధనకు దళములు కోసికొనుట, సాయంవేళ దీపము పెట్టుట తరతరములుగా జరుగుచున్నవి. అయితే తులసి చిరకాలము నిలుచు వృక్షము కాదు. రెండు మూడు సంవత్సరములకు కాండము కొయ్యబారి, ఆకు సన్నగిల్లి, ఏదో ఒక చలికాలమున మొక్క ఎండిపోవును. ఎండిన కాడలను పూసలకొరకు భక్తితో భద్రపరచుకొందురు. క్రొత్త మొలకను తెచ్చి నాటుదురు. మొక్క సంగతి ఇట్లు తేలినది. ఇన్నాళ్లు దాని వేళ్లను పట్టుకొని యున్న మన్ను సంగతి ఏమి?

ప్రశ్న అల్పముగా కనబడవచ్చును. కాని మనము దీనికి చెప్పు సమాధానమునుబట్టి, సేవచేసి అలసిన వస్తువు పట్ల మన దృష్టి ఎట్టిదో తెలియుచున్నది.

నేడు పట్టణములలో మేడమీది కుండీలలోనే తులసి పెరుగుచున్నది. మొక్క పోగానే కుండీని మురుగుకాలువలో బోర్లించి, అంగడిలో సంచిమట్టి కొనితెచ్చువారు కొందరు. వారికి పాతమన్ను చెత్త. మరికొందరు, "తులసమ్మ ఉన్న మన్ను, ముట్టరాదు" అని దానిని కదల్పక, అదే గట్టిపడిన మన్నులో చిన్న గుంట చేసి క్రొత్త మొలకను పెట్టుదురు. వారికి అది పవిత్రము. మొదటివారికి భక్తి చాలదనియు, రెండవవారికి భక్తి మిక్కుటమనియు అనిపించును. నిదానించి చూచినచో ఇరువురిదీ ఒకటే లోపము. ఇరువురిలో ఎవరును ఆ మన్నును చేతిలోనికి తీసికొని చూడలేదు.

మొదట, ఇది నిర్మాల్యమా అని విచారింతము. స్వామికి సమర్పించి తీసివేసిన పుష్పాదులు నిర్మాల్యము. దానిని కాలు తగులని చోట విసర్జింపవలెననుట మన ఆచారము. తిరుమలలో స్వామికి అలంకరించిన పుష్పములను పూలబావిలో వేయు సంప్రదాయము ప్రసిద్ధము. దేవస్థానమువారు 2021వ సంవత్సరమునుండి తమ ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయించుచున్నారు. కాని తులసికోటలోని మన్నును మనము స్వామికి సమర్పింపలేదు. సమర్పించినది దళమును. మన్ను ఆ దళమును సిద్ధము చేసిపెట్టినది. వంటశాలలోని పాత్ర నైవేద్యము కానట్లే ఈ మన్ను నిర్మాల్యము కాదు. ఇది కైంకర్యమున నిలిచిన పరికరము, ఇంకను చెప్పవలెనన్న, పరిచారకుడు. పరిచారకుడు అలసినప్పుడు వానిని వీధిలోనికి నెట్టుటయు, అలసిన వానిచేతనే విరామము లేక పని చేయించుటయు, రెండును ధర్మము కావు.

మన్ను కైంకర్యమున చేరునని పెద్దలు ఆచరించి చూపిరి. బ్రహ్మోత్సవములకు ముందు జరుగు అంకురార్పణమున విష్వక్సేనులవారు ఊరేగింపుగా వెడలి మృత్సంగ్రహణము చేయింతురు. ఆ మన్నును పాలికలలో నింపి నవధాన్యములు చల్లుదురు. ఇంతటి మహోత్సవమునకు నాంది ఒక గుప్పెడు మన్ను! అనంతాళ్వారుల చరిత్ర మనయందు తెలియనివారుండరు. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి తిరుమలకు వచ్చి, పూదోటకొరకు చెరువు త్రవ్వుచు, గర్భవతియైన భార్య మన్ను మోయుచుండగా, బాలుని రూపున వచ్చి గంప అందుకొన్న స్వామిపై ఆయన గునపము విసరెను. స్వామి చుబుకమున నేటికిని పచ్చకర్పూరము అద్దుట ఆ కారణముననే యని చెప్పుదురు. ఆ గునపమును మహాద్వారమువద్ద యాత్రికులు చూచుచున్నారు. నేను ఈ కథను వినినప్పుడెల్ల గునపముకంటె గంపనే ఎక్కువగా తలంతును. మన్నుగంప మోయుట తమకు చెందిన సేవ, దానిలో పరులకు పాలు లేదని ఆయన పట్టుపట్టెను. దానిని ఆయన మట్టిపని యనుకొనలేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. బృహదారణ్యకములోని అంతర్యామి బ్రాహ్మణము పరమాత్మకు శరీరములుగా చెప్పిన వానిలో పృథివియే మొదటిది. శ్రీరామానుజుల సిద్ధాంతమునకు ఈ శరీరశరీరి భావము ప్రాణము. భూమి అంతయు స్వామి శరీరమే యైనచో, కుండీలోని రెండు గంపల మన్ను ఎచట పడిన నేమి? వీధిలో పడినను అది భూమియే కదా!

ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానము శాస్త్రగ్రంథములలో గాక పొలములో దొరకునని నా అభిప్రాయము. పొలములోని మన్ను తనకు తాను తేరుకొనును. ఆకు రాలును, వానపాములు తిరుగును, పశువులు మేసి పేడ వేయును, వరద ఒండ్రు తెచ్చును. కుండీలోని మన్నుకు ఈ బంధువులెవరును లేరు. మనమే దానిని తల్లి ఒడినుండి విడదీసి నాలుగు గోడల నడుమ పెట్టితిమి. ప్రతిదినము పోసిన నీరు సారమును అడుగు రంధ్రముగుండ తీసికొనిపోవును. సన్నని రేణువులు క్రిందికి దిగి గట్టిపడును. బోరునీటిలోని లవణములు పైన తెల్లని పొరగా పేరుకొనును. వేళ్లు చుట్టలు చుట్టుకొని గాలికి చోటులేకుండ చేయును. పైగా మన భక్తి దానిపై మోపు బరువు కూడ గలదు. పాలు పోయుదుము, దీపపు నూనె ఒలుకును, రంగులు కలిపిన కుంకుమ చల్లుదుము. ఇవి మొక్కకు ఆహారము కావు. నూనె పడిన చోట నీరు ఇంకదు. విడదీసినవాడు పోషణభారము వహింపవలెను. ఈ భారము స్వామి శరీరమైన భూమి యంతటికిని సంబంధించినది కాదు, మనము తెచ్చిన ఆ రెండు గంపలకు మాత్రమే.

ఈ విషయమును తెలిసికొనుటకు బాల్కొండ పోవలెను. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, బాల్కొండ ప్రాంతము పసుపునకు పెట్టినది పేరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే ప్రారంభమైనది. ధరలను గురించిన మాట అందరి నోట నున్నది. ఆ రైతు మన్నును ఎట్లు చూచునో అడుగువారు తక్కువ. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండి సారమును బాగుగా లాగు పంట. అందుచేత తెలిసిన రైతు పసుపు తీసిన మడిలో వెంటనే మరల పసుపు పెట్టడు. మధ్య వేరొక పైరు వేయును. మండువేసవిలో నేలను దున్ని ఎండకు విడుచును. విత్తనపు కొమ్ములను మాత్రము నీడలో కుప్పబోసి, పసుపాకు కప్పి, మరుసటి కారువరకు పసిబిడ్డవలె కాపాడును. ఎండవలసిన దానికి ఎండ, నీడవలసిన దానికి నీడ అతడెరుగును.

చెరువు మన్ను సంగతియు ఇట్టిదే. పొలముల సారము వానలో కొట్టుకొనిపోయి చెరువులో పూడికగా చేరును. వేసవిలో చెరువెండగా ఆ ఒండ్రును బండ్లపై తెచ్చి పొలములో చల్లుట తెలంగాణమున పాత అలవాటు. 2015 మార్చిలో నాటి నిజామాబాదు జిల్లా సదాశివనగరమున మొదలైన మిషన్ కాకతీయలో పూడికను తీసి రైతుల పొలములకు చేర్చుట ఒక ముఖ్యమైన పని. వాడుకలో అరిగిన మన్నే, కొంతకాలము నీటి అడుగున విశ్రమించి, తిరిగి పొలమునకు సారముగా వచ్చుచున్నది. దానిని చెత్త యని ఆ రైతు ఎన్నడును అనలేదు.

కాని అతడెరిగిన రెండవ విషయము మన రెండవ తెగవారికి అవసరము. పసుపునకు దుంపకుళ్లు అను తెగులు గలదు. దానిని కలిగించు శిలీంధ్రజాతి జీవి నీరు నిలిచిన నేలలో ప్రబలి, పంట పోయిన తరువాతను మన్నులోనే దాగియుండును. కుళ్లిన మడిలోని మన్నును తెలిసిన రైతు మరియొక మడికి పోనీయడు. ఆ నేలను అతడు ద్వేషింపడు, పూజించి ఊరకుండడు. కాలువ తీయును, పైరు మార్చును, వేచియుండును.

బాల్కొండలో ఒక ఇంట కోడలు తులసికోటలోని మన్ను తీయబోగా అత్తగారు వారించినదనుకొందము. "తులసమ్మ ఉన్న మన్ను బిడ్డా, తియ్యద్దు" అని ఆమె. "మూడు మొక్కలు ఎండిపాయె అత్తమ్మా, ఈ మన్నులనే ఏదో ఉన్నది. కుళ్లిన మడిల మామ మళ్ల పసుపు పెడ్తడా?" అని కోడలు. ఆ కోడలి మాటలో అపచారము లేదు. తన ఇంటి పొలములోని వివేకమును ఆమె పెరటిలోనికి తెచ్చినది, అంతే. భక్తిచేత మన్నులోని తెగులు నశింపదు. నశించునని నమ్మి నాలుగవ మొలకను అందులోనే నాటుట ఆ మొలకకు చేయు ద్రోహము.

ఇందులో మరియొక సూక్ష్మము గలదు. పాతమన్నును పొరుగువారికి ఇచ్చుట మన ఇండ్లలో ఉన్నదే. అడిగినవారికి మన్ను లేదనుట లోభము. కాని మొక్క ఎందుచేత పోయినదో చెప్పక ఇచ్చుట దానము కాదు, తన ఇంటి తెగులును పొరుగింటికి సాగనంపుట. వేళ్లు నల్లబడి మెత్తబడెనా, చిన్న బుడిపెలు కట్టెనా అని చూచి, ఉన్నది ఉన్నట్లు చెప్పి ఇవ్వవలెను. పురుగుమందు చల్లిన కుండీలోని మన్ను విషయమున ఇంకను జాగ్రత్త అవసరము. తులసిదళము తీర్థములో కలియును, ఆ తీర్థమును పిల్లలు, వృద్ధులు పుచ్చుకొందురు.

ఇక చేయవలసిన పని. కార్తికమున తులసీ కల్యాణము, భీమ్‌గల్ లింబాద్రిగుట్ట నరసింహస్వామివారి జాతర మొదలైన సందడిలో కోటను కదల్పనక్కరలేదు. వేసవి వచ్చిన తరువాత మన్నును దించవలెను. పైనున్న తెల్లని పొరను అంగుళము మేర గీకివేయవలెను. గడ్డలు చిదిపి, వేళ్లు ఏరి, ఇసుక జల్లెడతో జల్లించవలెను. తెగులు అనుమానమున్నచో మన్నును తడిపి, ఎండ తగులు చోట జానెడు మందమునకు మించకుండ పరచి, పారదర్శకమైన పాలిథీన్ పట్టాను కప్పి, అంచులను మట్టితో మూసి నాలుగు నుండి ఆరు వారములు ఉంచవలెను. లోపలి వేడికి పెక్కు తెగుళ్లు, పురుగులు నశించును. ఈ పద్ధతిని 1976లో ఇజ్రాయెల్ దేశమున జాకోవ్ కటాన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును లోకమునకు తెలిపిరి. మన నిజామాబాదు ఎండలు ఆ దేశపు ఎండలకు ఏమాత్రము తీసిపోవు!

తరువాత ఆరిన మన్నును గోనెసంచులలో గాని, మూత గల పాత డ్రమ్ములో గాని నింపి, నేలకు తగులకుండ ఇటుకలపై, వాన జల్లు పడనిచోట ఉంచవలెను. తడిమన్నును ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినచో లోపల గాలి లేక పులిసి దుర్గంధము పుట్టును. ఏ మొక్క క్రింది మన్నో, ఎప్పుడు తీసినదో ఒక చీటీ కట్టుట మంచిది. నాటుటకు రెండు వారములు ముందుగా, రెండు పాళ్ల పాతమన్నుకు ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు, కుండీకొక గుప్పెడు వేపపిండి కలిపి కొద్దిగా తడిపి ఉంచవలెను. మన్ను జిగురుగా నున్నచో ఇసుక చేర్చవలెను. పచ్చిపేడ మాత్రము వేయరాదు, దాని వేడికి లేతవేళ్లు మాడును.

వేళ్లకు బుడిపెలు కట్టిన మన్నును ఎండబెట్టిన పిమ్మటను వెంటనే తులసికి ఇవ్వకుండుట మేలు. దానిలో ఒక కారు బంతి నాటవలెను. బంతివేళ్లు ఆ బుడిపెలను కలిగించు సూక్ష్మమైన పురుగులను తగ్గించును. పూలు స్వామి మాలకును, మిగిలినవి బతుకమ్మకును వచ్చును. బంతి తరువాతను మొక్క నిలువనిచో ఆ మన్నును తులసికోటకు, కూరమడికి దూరముగా, బావికిగాని కాలువకుగాని చేరని చోట, వేపచెట్టు మొదలున గుంట తీసి పూడ్చవలెను. ఖాళీయైన కుండీని నారతో తోమి, కడిగి, రెండు దినములు ఎండలో బోర్లించిన తరువాతనే క్రొత్త మన్ను పోయవలెను.