చూసిన ఎద్దు, చూడని గొర్రె

తినే వస్తువు విషయంలో మనిషికి కలిగే కరుణ కంటికి కనబడిన ప్రాణి దగ్గరే ఆగిపోతుందా, కనబడని ప్రాణి దాకా వెళ్తుందా అన్న ప్రశ్నను ప్రాచీన చైనా చింతకులు ఎద్దును ముందు పెట్టుకొని చర్చించారు. ఆ ప్రశ్న నేటికీ వంటింటి పొయ్యి మీద సజీవంగా ఉందనడానికి 'హోంగ్‌షావో న్యూరో మ్యెన్' అనే ఘాటైన నూడుల్స్ పులుసు మంచి ఉదాహరణ. 'హోంగ్‌షావో' అంటే సోయా సాస్‌తో ఎర్రబారేలా సన్నసెగపై మగ్గించడం, 'న్యూరో' అంటే గొడ్డుమాంసం, 'మ్యెన్' అంటే గోధుమపిండి నూడుల్స్. 1949లో అంతర్యుద్ధంలో ఓడి తైవాన్ చేరిన సైనికులలో సిచువాన్ ప్రాంతీయులు, తమకు అలవాటైన దౌబాన్‌జ్యాంగ్‌తో, అనగా ఫావా చిక్కుడు గింజలను మిరపకాయలతో, ఉప్పుతో పులియబెట్టిన ముద్దతో, ఈ వంటకు రూపమిచ్చారని, దక్షిణ తైవాన్‌లోని గాంగ్‌షాన్ దీనికి పుట్టినిల్లని చాలామంది భావిస్తారు.

దీనిని ఇంట్లో వండేవారు ముందుగా కాలి పిక్క మాంసాన్ని పెద్ద ముక్కలుగా కోసి, చన్నీళ్లలో వేసి, ఒక పొంగు రానివ్వాలి. అప్పుడు నీటిపైకి బూడిదరంగు తెట్టె తేలుతుంది, ఆ నీటిని పారబోసి ముక్కలను కడిగితేనే పులుసు తేటగా వస్తుంది. తరువాత నూనెలో అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, సిచువాన్ మిరియాలు, అనాసపువ్వు, దాల్చినచెక్క వేయించి, దౌబాన్‌జ్యాంగ్ వేసి నూనె ఎర్రబడేదాకా తిప్పి, మాంసం, సోయా సాస్, కొద్దిగా పటికబెల్లం, నీరు చేర్చి 2 నుంచి 3 గంటలు సన్నసెగపై ఉంచాలి. నిలబడి, నడిచి, బరువు మోసి బిగిసిన పిక్కలోని కొలాజన్, అనగా కండను పట్టి ఉంచే పీచు, ఆ సెగకు మెల్లగా కరిగి జిగురుగా మారి పులుసుకు చిక్కదనం తెస్తుంది. ఆ ప్రాణి కాళ్లు పడిన శ్రమే తినేవాడి నాలుకకు రుచి అవుతుంది. ధర్మసంకటం మొదలయ్యేది ఇక్కడే.

క్రీ.పూ. 4వ శతాబ్దపు కన్‌ఫ్యూషియన్ చింతకుడు మెన్షియస్ పేరిట ఉన్న గ్రంథంలో ఒక సంవాదం ఉంది. కొత్త గంటను రక్తంతో ప్రతిష్ఠించడానికి తోలుకుపోతున్న ఎద్దు వణకడం చూసి, ఛీ రాజ్యాధిపతి షువాన్ రాజు దానిని వదిలి గొర్రెను తెమ్మంటాడు. ప్రజలు దానిని పిసినారితనంగా తలచగా, మెన్షియస్ మాత్రం అందులో కరుణకు మొలకను చూస్తాడు. రాజు ఎద్దును చూశాడు, గొర్రెను చూడలేదు, తేడా అంతే. అయితే మెన్షియస్ అక్కడ ఆగక, ప్రాణుల అరుపు విన్నవాడు వాటి మాంసం తినలేడు గనుక సత్పురుషుడు వంటశాలకు దూరంగా ఉంటాడని కూడా అంటాడు. కరుణను మొద్దుబారకుండా కాపాడే ఉపాయంగా ఈ మాటను సమర్థించవచ్చు గాని, చూడకపోయినంత మాత్రాన చావు తప్పిపోదన్న సంగతి దానితో మరుగున పడుతుంది.

తావో చింతన గ్రంథం 'జ్వాంగ్‌జి'లో ఇందుకు భిన్నమైన చూపు కనిపిస్తుంది. డింగ్ అనే వంటవాడు 19 ఏళ్లుగా ఒకే కత్తితో ఎద్దులను కోస్తున్నా దాని పదును తగ్గలేదు, ఎందుకంటే అతడు కీళ్ల నడుమ ఉన్న ఖాళీలలోనే కత్తిని నడుపుతాడు. మొదట్లో అతనికి ఎద్దు కనిపించేది. మూడేళ్ల తరువాత నిండు ఎద్దు కనిపించడం మానేసింది. నైపుణ్యానికి, జీవన రహస్యానికి ఈ కథ గొప్ప ఉపమానమే అయినా, అందులో ఎద్దుకు కీళ్లున్నాయి తప్ప భయం లేదు.

బౌద్ధ వినయంలోనూ, అనగా సంఘ నియమావళిలోనూ, చూపే గీటురాయి: తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చు, దీనినే త్రికోటి పరిశుద్ధమంటారు. లంకావతార సూత్రం ఈ సడలింపును అంగీకరించక, తినేవాడు ఉన్నందువల్లనే చంపేవాడు ఉన్నాడని వాదించింది. 6వ శతాబ్దంలో ల్యాంగ్ వంశపు వూ చక్రవర్తి సన్యాసులకు మాంసాన్ని పూర్తిగా నిషేధించడంతో, చైనా బౌద్ధంలో చూడలేదన్న సాకుకు చోటు లేకుండా పోయింది.

రైతు చూపు వీటన్నిటికంటె సరళమైనది. 653 నాటి తాంగ్ శిక్షాస్మృతి సొంత ఎద్దును చంపిన యజమానికి సైతం శిక్ష విధించడానికి సేద్యపు అవసరం కారణమైతే, తైవాన్ పాతతరం రైతులు గొడ్డుమాంసం ముట్టకపోవడానికి పొలంలో తమతో పాటు చెమటోడ్చిన జీవిపట్ల కృతజ్ఞత కారణం. ఏరువాక పున్నమినాడు ఎడ్లకు పూజ చేసే తెలుగు రైతుకు ఈ భావాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అలాగని గొడ్డుమాంసం వండుకొనే తెలుగు ఇళ్లలో కృతజ్ఞత లేదనడమూ న్యాయం కాదు. రాజు చూసినది ఒక్క క్షణపు భయాన్ని, డింగ్ చూసినది కీళ్లను, రైతు చూసినది ఏళ్ల తరబడి సాగిన సహవాసాన్ని.

గరిటెతో తెట్టె తీస్తూ మూడు గంటలు పొయ్యి దగ్గర నిలిచే గృహస్థుకు చూడలేదనే వీలు లేదు. తినాలని నిర్ణయించుకొన్నా, మానాలని నిర్ణయించుకొన్నా, ఆ నిర్ణయం చూసి చేసినదైనప్పుడే దానికి నైతికమైన విలువ ఉంటుంది. అందువల్ల సత్పురుషుడు ఉండవలసిన చోటు వంటశాలేనని, ఈ ఒక్క విషయంలో మెన్షియస్ సలహాను తిరగవేయక తప్పదని చెప్పాలి. ఆనాడు ఛీ రాజ్యంలో ఎద్దు బతికింది. గంట ప్రతిష్ఠకు మాత్రం గొర్రె రక్తం కావలసివచ్చింది.