దిగంబరునకు నామమేల?

లోకమును విడిచినవాడు వస్త్రమును విడుచుట ఒక తీరు. లోకమును నిలదీయదలచినవాడు విడుచుట వేరొక తీరు. మొదటివాని దిగంబరత్వమునకు మన దేశమున తరతరముల మన్నన కలదు. శ్రవణబెళగొళ కొండపై నిలిచిన బాహుబలికి ఆబాలగోపాలము మ్రొక్కుచునే యున్నది. వేమనయోగిని చిత్రకారులు వస్త్రము లేకుండ వ్రాసినను మన తాతలు ఆ పటమును చూచి తలవంచిరేకాని తల త్రిప్పుకొనలేదు. రెండవవానికి మాత్రము మనలో చోటు తక్కువ. 1965 మే నెలలో, హైదరాబాదున, ఒక అర్ధరాత్రివేళ ఆరుగురు యువకులు దిగంబరకవులమని చాటుకొనుచు తమ మొదటి సంపుటమును వెలువరించినపుడు పెద్దలు పడిన కలవరమునకు అందలి అశ్లీలపదములే కారణమని చెప్పుట పరిపాటి. ఆ కలవరము మరికొంత లోతున పుట్టినదని నా తలంపు. ఆ యువకులు విరాగి వేషమును ధరించి రాగద్వేషములతో మాటలాడిరి. సన్న్యాసి చేయవలసిన పనులన్నియు చేసి, సన్న్యాసి ఎన్నడును ఆడరాని మాట లాడిరి.

ఆ పనులెట్టివో చూడుడు. మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని యయ్యెను; కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్, ఆకారం వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు, మన్మోహన్ సహాయ్ భైరవయ్య, కమ్మిసెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న అయిరి. ఇంటిపేరు, కులము, తండ్రితాతల వైష్ణవము, శైవము అన్నియు ఒక్కమారుగా రాలిపోయినవి. తన శ్రాద్ధము తానే పెట్టుకొని, జందెమును త్రెంచి, గురువిచ్చిన క్రొత్త పేరుతో లేచివచ్చు యతి చేయునది ఇదియే కదా! అంతటితో ఆగక, తమ రచనలను కవితలనక ‘దిక్కు’లనిరి, ‘నగ్ననామ శక’మను క్రొత్త శకమును స్థాపించి, వారములకును ఋతువులకును తమకు తోచిన పేర్లు పెట్టిరి. శకము నెలకొల్పుట చక్రవర్తులు చేయుపని, కాకున్న మతకర్తలు చేయుపని. మతమును ధిక్కరింపబూనినవారికే పంచాంగముపై అంత మక్కువ కలుగుట వింతగనే యున్నది. వారు ఎన్నుకొన్న పేర్లలోనైన, భైరవుడు కపాలము చేతబట్టి తిరుగు దిగంబరదైవమే. జ్వాలాముఖి హిమాచలమున వెలసిన శక్తియే. ఇది నేను ఎత్తిపొడుపుగా ననుట లేదు. ఈ గడ్డపై పుట్టినవాడు క్రోధమునకు రూపము వెదకికొనునపుడు అందరికంటె ముందు ఎదురుపడువాడు గుడిలోని దేవుడే.

ఇట్టి తిరుగుబాటు ఆ దినములలో మనకొక్కరికే కలిగినది కాదు. వంగదేశమున ‘హంగ్రీ’ తరము కవులు 1961 నుండియే కలకలము రేపుచుండిరి. 1964 లో మలయ్ రాయ్‌చౌధురి అరెస్టు కూడ జరిగినది. అమెరికా కవి అలెన్ గిన్స్‌బర్గ్ 1962, 63 సంవత్సరములలో కలకత్తాలోను కాశిలోను సాధువుల వెంట, శ్మశానముల వెంట తిరిగెను. ఆతడు వెదకివచ్చిన సాధువును మన కవులు త్రోసిపుచ్చిరి. ఆ సాధువు పద్ధతిని మాత్రము ఉంచుకొనిరి.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముపై, నార్కట్‌పల్లికిని నకిరేకల్లునకును నడుమ, మా కట్టంగూరు ఉన్నది. మొదటి సంపుటమును హైదరాబాదులో నాంపల్లి పాండు అను రిక్షా కార్మికుడు ఆవిష్కరించెను. 1966 డిసెంబరులో రెండవదానిని విజయవాడలో జంగాల చిట్టి అను హోటలు పనివాడు ఆవిష్కరించెను. కనుక దిగంబరకవిత్వము ఒకటవ మెట్టునుండి రెండవ మెట్టునకు పోవుటకు మా ఊరి మీదుగనే పోయినదని చెప్పుకొనుటకు మాకు హక్కు కలదు. 1968 లో మూడవ సంపుటము విశాఖపట్టణమున బిచ్చమెత్తుకొను యశోదమ్మ చేతులమీదుగా వెలువడినది. సభాధ్యక్షులకును జమీందారులకును అలవాటైన గౌరవమును వీరి చేతులలో పెట్టుట క్రొత్తయని పత్రికలవారు ఆశ్చర్యపడిరి గాని, పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చాకలి మాచయ్యను, బోయ కన్నప్పను, బెజ్జమహాదేవిని రాజులకంటె ఎత్తున కూర్చుండబెట్టి ఏడు శతాబ్దములు దాటినది. భేదమొక్కటి కలదు. సోమనాథుని కావ్యమున మాచయ్య మాటలాడును, కోపించును. దిగంబరుల మూడు సంపుటములలో ఆరు గొంతులే వినబడును. పాండుది ఏడవ గొంతై యుండవలసినది. ఆతనికి ఆవిష్కర్త పదవి దక్కినది, గొంతు దక్కలేదు. మా ప్రక్కనున్న చందుపట్లలో, రుద్రమదేవికి పుణ్యముగా భూమినిచ్చి 1289 లో శిల చెక్కించిన పువ్వుల ముమ్మడి పేరు రాణి పేరుతోపాటు నేటికిని చదువబడుచున్నట్లు, పాండు పేరు కవుల పేర్లతో నిలిచినది. నిలిచినది పేరు మాత్రమే.

ఇచ్చట నాకు అక్కమహాదేవి కథ తలపునకు వచ్చును. పన్నెండవ శతాబ్దమున భర్తయైన రాజును, రాచనగరును, కట్టుబట్టను విడిచి, కురులనే కప్పుకొని ఆమె కల్యాణనగరమునకు వచ్చెనని వీరశైవులు చెప్పుకొందురు. తుదకు ఆమె చేరిన శ్రీశైలసీమలో, కృష్ణ ఒడ్డున, మా పాలమూరువైపు నల్లమలలో ఆమె పేరిట గుహలు కలవు. కల్యాణనగరపు అనుభవమంటపమున శివశరణుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనట: బట్టను విడిచినదానవు, కురులతో ఒడలు కప్పుకొనుటయేల? ఒడలు కనబడినచో చూచువారి మనసు నొచ్చునని, వారికొరకే కప్పుకొంటినని ఆమె బదులు చెప్పెనందురు. ఈ ప్రశ్ననే మన ఆరుగురికి వేసిన నేమందురు? కులము తెలుపు పేరును విడిచినవారు మరియొక పేరును, అదియును వినినంతనే గుండె దడదడలాడు పేరును, కప్పుకొనుటయేల? వారి బదులు అక్క బదులునకు సరిగా ఎదురై యుండును: చూచువారు నొచ్చుకొనవలెననియే. అక్క పరుల బాధను తప్పించుటకు కప్పుకొన్నది. వీరు పరులను బాధించుటకు విప్పుకొనిరి. శాస్త్రదృష్టితో చూచినచో వీరిది వైరాగ్యము కాదు, ఒప్పుకొనవలసినదే. అయినను, ఊరంతయు ఆకలితో నుండగా పరుల మనసు నొచ్చునేమోయని జంకు కవికంటె, నొప్పించిన కవి ధర్మమునకు దగ్గరవాడని నేను తలతును.

మూడవ సంపుటముతో దిగంబరత్వము ముగిసినది. 1970 జులై 4 న విప్లవ రచయితల సంఘము పుట్టగా నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందు చేరిరి. మహాస్వప్న, భైరవయ్య చేరలేదు. మరుసటి యేట నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు ముందస్తు నిర్బంధ చట్టము క్రింద జైలుపాలైరి. భువనగిరి దాపున వీరవెల్లిలో పుట్టిన నిఖిలేశ్వర్‌కు ‘అగ్నిశ్వాస’ కవితాసంపుటికి 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. విడిచిన యాదవరెడ్డికి కాదు, కప్పుకొన్న నిఖిలేశ్వర్‌కే. మహాస్వప్న సాహిత్యసభలకు దూరముగా లింగసముద్రమున నుండి 2019 లో కన్నుమూసెను. అల్లమప్రభువు ఆ మౌనమును మెచ్చియుండును. నేను పూర్తిగా మెచ్చలేకున్నాను. తనకొరకు విడిచినవానికి మౌనము ఒప్పును. అర్ధరాత్రి ఒక రిక్షావానిని పిలిచి పుస్తకము చేతబెట్టినవానికి ఆతనితో ఇంకను మాట మిగిలియుండును. ఆ మాటను వెదకుచు వచనకవితను వదలి పాటను పట్టినవాడు చెరబండరాజు. ఉద్యోగము పోయినది, సికిందరాబాదు కుట్రకేసు మీదపడినది, మెదడులో పుట్టిన వ్రణము 1982 జులై 2 న ప్రాణము తీసినది. పాట మాత్రము నడచుచునే యున్నది. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలు పాడుకొని నైజాము దొరలను ఎదిరించిన నల్లగొండకు ఆతని పాట పరాయిది కాలేదు. పాట నోటినుండి నోటికి పోవునపుడు మొట్టమొదట రాలిపోవునది కర్తపేరే, పిదప ఆ చరణములలో పాడువారి మాటలు చేరును. ఆ మూడు సంపుటములలో దొరకని ఏడవ గొంతు వినబడినది అచ్చటనే.