నిష్ప్రయోజనమైన పరుగు

పని యనగా నొకరికి పనికివచ్చునదియే యనియు, తక్కినదెల్ల కాలహరణమనియు మన గృహములలో నొక నమ్మకము గలదు. ఈ నమ్మకము పురుషుని విషయమున సడలును. స్త్రీ విషయమున బిగియును. ఇంటి యజమాని సాయంకాలమున పేకాటలో రెండు గంటలు గడపినచో దానికి విశ్రాంతి యని పేరు. ఇల్లాలు తెల్లవారకమునుపు కొండదారిని ఒక గంట పరుగెత్తి వచ్చినచో “నిన్నెవరు తరుముచున్నారే?” యని యత్తగారడుగును. ప్రయోజనము చూపనక్కరలేని శ్రమకు ధర్మమున చోటు గలదా? కలదేని అది యందఱికిని సమముగా నున్నదా? ఈ ప్రశ్నను చదువరులతో గూడి విచారింపదలచితిమి.

ఇట్టి శ్రమను దాని పరాకాష్ఠయందు చూచుట మేలు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెనెసీ రాష్ట్రమున ఫ్రోజెన్ హెడ్ అను పర్వతవనము గలదు. ప్రభుత్వ సంరక్షణలోనున్న ఆ వనమున బార్క్‌లీ మారథాన్స్ అను పరుగుపందెము 1986లో మొదలైనది. కొండల చుట్టు ఐదు ప్రదక్షిణములు చేయవలెను. మొత్తము దూరము 100 మైళ్లని లెక్క. గడువు 60 గంటలు. ఎక్కవలసిన ఎత్తులన్నియు కూడినచో సుమారు 60,000 అడుగులు, అనగా ఎవరెస్టు శిఖరపు ఎత్తునకు రెండింతలు. చేత పటమును, దిక్సూచియు మాత్రముండును. దారిపొడవున న్యాయనిర్ణేతలు నిలువరు. అడవిలో నక్కడక్కడ పుస్తకములుంచుదురు. పందెగాడు తన సంఖ్యగల పుటను చించి తెచ్చి చూపవలెను. ధనబహుమానము లేదు. 2024 నాటికి ఐదు ప్రదక్షిణములను గడువులో ముగించినవారు 20 మంది మాత్రమే. వారిలో స్త్రీ యొక్కతెయే. ఆమె జాస్మిన్ పారిస్ అను బ్రిటిష్ పశువైద్యురాలు, ఇద్దరు బిడ్డల తల్లి. 2022, 2023 సంవత్సరములలో ప్రయత్నించి ముగింపలేక, 2024 మార్చిలో 59 గంటల 58 నిమిషముల 21 సెకండ్లకు గమ్యము చేరినది. మిగిలిన కాలము 99 సెకండ్లు.

ఇట్టి శక్తి వరముగా లభించునది కాదు. కొండదారిలో సాధన చేయువారు మొదట అహంకారమును విడువవలెను. నిటారైన ఎక్కుడులో పరుగు మాని, మోకాళ్లపై చేతులానించి నడచుట అచట అవమానము కాదు. సమతలమున మైళ్లను లెక్కింతురు. కొండపై ఊపిరిని లెక్కింతురు. ఎక్కుటకంటె దిగుట తొడలను ఎక్కువ నొప్పించును. దేహభారమును మోయుచునే కండరములు సాగవలసివచ్చుట దీనికి కారణము. ఆ నొప్పి తీరువఱకు తేలికగా పరుగెత్తుటయో, విశ్రమించుటయో సాధనలో భాగమే. చూపు నాలుగడుగుల ముందున్న రాతిపైనను వేరుపైనను నిలువవలెను. ఆ గంటసేపు పచారీ లెక్కలు మనసున చొరవు. ఇది ఆరోగ్యమునకు మంచిదని సమర్థింపవచ్చును. కాని ఆ సమర్థనమునే మేము శంకించుచున్నాము. ఆరోగ్యవతియైన తల్లి బిడ్డలను బాగుగ పెంచును, భర్తకు బాగుగ వండును అని వెంటనే లెక్క మొదలగును. ఆ గంటయు మఱల ఇంటి ఖాతాలోనే జమపడును.

సంస్కృత వ్యాకరణమున పరస్మైపదము, ఆత్మనేపదము అని రెండు గలవు. క్రియాఫలము పరులకు చెందునపుడు ‘పచతి’. కర్తకే చెందునపుడు ‘పచతే’. తెలుగున నీ భేదమును ‘కొను’ అను చిన్న ధాతువు తెలుపును: వండుట వేఱు, వండుకొనుట వేఱు. మన యిల్లాలి దినచర్యను ఈ దృష్టితో చదువుడు. వండును, వడ్డించును, ఉతుకును, ఊడ్చును, బిడ్డను నిద్రపుచ్చును. ‘కొను’ ఎక్కడ? దేహము ధర్మమునకు సాధనమని పెద్దలు చెప్పుదురు. సాధనమనగానే, అది ఎవరి చేతిలోనిది యని యడుగవలసియున్నది.

ఈ లోపము మన దేశమునకే పరిమితము కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పందెము పెట్టిరి. తుదిపోటీలో పరుగెత్తిన తొమ్మండుగురును గమ్యము చేరిరి. అయినను వారు సొమ్మసిల్లి పడిపోయిరని పత్రికలు గగ్గోలు పెట్టినవి. 1960 వఱకు ఆ పందెము స్త్రీలకు మఱల లేకపోయెను. పురుషులకు మారథాన్ 1896లోనే యుండగా స్త్రీలకు 1984లో గాని రాలేదు. అలసి పడిన పురుషుని వీరుడనిరి. అలసిన స్త్రీని ఇంటికి పంపిరి.

తల్లికి బిడ్డయెడల విధి లేదా యని యడుగుదురు. ఉన్నది. 2019 జనవరిలో ఈ పారిస్ గారే బ్రిటనులోని పెన్నైన్ మార్గమున 268 మైళ్ల స్పైన్ పందెమును సుమారు 83 గంటలలో ముగించి, పురుషులనందఱిని దాటి ప్రథమురాలైనది. అప్పటికామె బిడ్డ పాలు మానలేదు. మజిలీలయందామె చనుబాలు పిండి తీయుచు సాగినది. దీనిని కొందఱు సాహసమందురు, కొందఱు నిర్లక్ష్యమందురు. తల్లి లేని ఆ గంటలలో బిడ్డ నెత్తుకొన్నదెవరను ప్రశ్న మాత్రము ఎవరికిని తోచదు. తండ్రి పందెమునకు పోయినచో నీ చర్చయే పుట్టదు. విధి ఇద్దరిదైనచో గంటయు ఇద్దరిదే కావలెను.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ యొకటి గలదు. దినమెల్ల నాట్లు వేసి, బిందెలు మోసిన స్త్రీకి పరుగేల? నిజమే, ఆమెకు కావలసినది నిద్ర. ఆమె పరుగెత్తవలెనని మేమనము. కాని ఆమె కునుకు తీసినపుడు కూడ “పనియేమియు లేదా?” యని యడుగువారున్నారు. ఒకామె పరుగును, ఇంకొకామె నిద్రను కాపాడవలసినది ఒకే న్యాయము: దినమున ఒక్క గంటకైనను ఎవరికిని లెక్క చెప్పనక్కర లేకుండుట. లోకోపకారము కొఱకు మనుష్యుడు శ్రమింపవలెను. తన దేహము తనదని ఎఱిగినవాడు చేయు సేవ దానమగును; ఎఱుగనివాని చేత చేయించునది వెట్టి.

కావున చదువరులను మేము కోరునది స్వల్పము. రేపు తెల్లవారుజామున మీ యింట పాలు కాచునది, బిడ్డను బడికి సిద్ధము చేయునది ఎవరో చూడుడు. ఆ పనిని ఇంటిలోని మఱియొకరు చేపట్టుడు. ఆ గంటలో ఆమె కొండ ఎక్కునో, వీథి చివర వఱకు నడచునో, దుప్పటి ముసుగు పెట్టి పండుకొనునో, అది ఆమెకు విడిచిపెట్టుడు.