ఆయకట్టు లేని చెరువు

మా శ్రీకాకుళం వైపు కొత్త ఊరికెళ్ళి చెరువు చూస్తే, పెద్దవాళ్ళు ముందు అడిగేది దాని కింద ఆయకట్టు ఎంతని. జంషెడ్‌పూర్‌లో డిమ్నా గట్టెక్కిన ప్రతిసారీ నాకూ అదే అడగాలనిపిస్తుంది. ఊరికి 13 కిలోమీటర్ల దూరంలో, దల్మా కొండల పాదాల దగ్గర, 1940ల్లో టాటా ఉక్కు కంపెనీ కట్టించిన జలాశయమిది. దీని ఆయకట్టు సాక్చి, బిష్టుపూర్ వీధుల కుళాయిల్లో ఉంది.

సాక్చి పల్లె దగ్గర కర్మాగారం పెట్టడానికి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలవడం ఒక ముఖ్య కారణం. 1912లో ఉక్కు వచ్చింది, 1919లో ఊరికి జంషెడ్‌జీ పేరొచ్చింది, జనం పెరిగారు. ఎండల్లో సువర్ణరేఖలో రాళ్ళు తేలతాయి. వాన నీళ్ళు దాచుకునే చోటు లేకుండా ఇంత ఊరు బతకదు.

జనవరి వస్తే గట్టు పొడుగునా పిక్నిక్‌లే. మూడు రాళ్ళ పొయ్యి మీద కోడికూర, సాల ఆకుల విస్తళ్ళు, ఒక స్పీకర్లో భోజ్‌పురి పాట, పక్క గుంపులో మనవాళ్ళు పెట్టిన చిరంజీవి పాట. సాయంత్రానికి మిగిలే ప్లాస్టిక్ సంగతి చెప్పకపోవడమే మేలు. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబ్లీ పార్కులోనూ సరస్సుంది, పడవలున్నాయి. అది చూడ్డానికే చేసింది, ముచ్చటగా ఉంటుంది. డిమ్నా పనికోసం కట్టింది. తాగే నీళ్ళన్న జాగ్రత్త వల్లే ఆ ఒడ్డు ఇంకా కొండదిగానే మిగిలిందని నా నమ్మకం.

అయితే ఆ నీళ్ళ కింద పొలాలున్నాయి. అవి పోగొట్టుకున్న ఆదివాసీ కుటుంబాల వారసులు పరిహారం కోసం ధర్నాలు చేస్తూ వచ్చారు. మా తాత కూడా ఊరు వదిలి వచ్చినవాడే. కానీ పొట్ట చేతపట్టుకుని తనకు తానుగా రైలెక్కాడు. సంక్రాంతికి సెలవు దొరికితే వెళ్ళి అరుగు మీద కూర్చుని వచ్చేవాడు. వీళ్ళకు పండక్కి వెళ్దామంటే ఆ పొలం గట్టే లేదు. వలస వచ్చినవాణ్ణి, మునిగిపోయినవాణ్ణి ఒకే గాటన కట్టి "అభివృద్ధిలో అందరూ ఏదో ఒకటి వదులుకున్నారు" అనేవాళ్ళ మాట అందుకే నాకు మింగుడుపడదు. మా ఇంటివాళ్ళం వదులుకున్నదానికి బదులుగా ఉద్యోగం, క్వార్టరు, ఇరవైనాలుగ్గంటల కుళాయి తీసుకున్నాం. వాళ్ళ పొలాల మీద నిలిచిన నీళ్ళే ఆ కుళాయిలో వచ్చాయి. పడవ టికెట్టులో గానీ, నెల నెలా కట్టే నీళ్ళ బిల్లులో గానీ వాళ్ళ వంతంటూ ఒక్క పైసా రాసి ఉండగా నేను చూడలేదు.