సంధి మంతనాలు, ధర్మ సందేహం

శత్రువుల మధ్య సంధి కుదర్చడానికి చాటుగా జరిపే మంతనాలు సత్యధర్మానికి లోబడి ఉంటాయా అన్న ప్రశ్నను రాజనీతి కంటే ముందు నీతిశాస్త్రమే ఎదుర్కోవాలి. ఉత్తరాంధ్ర చరిత్రలో ఈ ప్రశ్నను 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధమంత కఠినంగా ముందుంచిన ఘటన మరొకటి లేదు.

శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కార్లను, అంటే నిజాం ఫ్రెంచివారికి ధారాదత్తం చేసిన రెవెన్యూ మండలాలను, విజయనగర ప్రభువు పెద విజయరామరాజుకు గుత్తకిచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆ రాజు ప్రోద్బలంతో, బొబ్బిలి ప్రభువు రంగారావు కోట వదిలి మరొకచోట అంతకంటే విలువైన భూములు పుచ్చుకోవాలని కబురంపినట్లు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. రాబడి లెక్కన అది నష్టం లేని బేరమే. అయితే పూర్వీకుల నేలకు, వంశ గౌరవానికి వెల కట్టే అధికారం ఎవరిదన్నది బుస్సీ గుడారంలో ఎవరూ అడగలేదు. రంగారావు దాన్ని అవమానంగానే తీసుకున్నాడు. అటుపై అడవి దారిలో సిపాయిల జట్టు మీద జరిగిన దాడి యుద్ధానికి తక్షణ కారణమైంది. జానపద కథాగానం ఈ యుద్ధానికి బుస్సీ దివాను హైదర్ జంగు మీద నింద మోపుతుంది. ఆ నింద న్యాయమైనా కాకపోయినా అది ఇంతకాలం నిలవడానికి కారణం, అక్కడ ఏం మాట్లాడుకున్నారో విన్న బొబ్బిలివాడు ఒక్కడూ లేకపోవడమే. కోట కూలుతున్నప్పుడు స్త్రీలు, పిల్లలు శత్రువు చేత చిక్కరాదని సొంతవారి కత్తులకే బలయ్యారు. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని డేరాలోనే చంపాడు.

చాటు మాటలన్నీ ఇలాంటివే అనడం అన్యాయం. 1977 సెప్టెంబరులో ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి మోషే దయాన్, ఈజిప్టు ప్రతినిధి హసన్ తుహామీ మొరాకోలో గుట్టుగా కలుసుకున్నారు. రెండు నెలలకే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ జెరూసలేంలో అడుగుపెట్టాడు. అయితే 1993లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వాల మధ్య ఓస్లోలో రహస్య మంతనాలు సాగుతుండగా, వాషింగ్టన్‌లో బహిరంగ చర్చలు జరుపుతున్న పాలస్తీనా బృందానికీ, దాని నాయకుడు హైదర్ అబ్దుల్ షాఫీకీ వాటి సంగతే తెలియదు. కుదిరిన ఒప్పందం జెరూసలేం, శరణార్థుల సమస్యలను తరువాతికి వాయిదా వేసింది. శత్రువుతో మొదటి మాట కలపడానికి చాటు అవసరం కావచ్చు, అందులో అధర్మం లేదు. కానీ షరతులను భరించవలసినవారికి అవి ఖరారయ్యాకే తెలియడం ధర్మం కాదు.

భారతం ఈ చిక్కును ఇంకా లోతుగా చూసింది. ఉద్యోగపర్వంలో కౌరవ సభలో రాయబారం విఫలమయ్యాక, కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకొని అతడు కుంతి తొలి కొడుకన్న జన్మరహస్యం చెప్పి రాజ్యం నీదే అన్నాడు. కర్ణుడు కాదనడమే గాక, ధర్మరాజుకు ఇది తెలిస్తే రాజ్యం తనకే ఇచ్చేస్తాడని, తాను దాన్ని దుర్యోధనుడికి ఇవ్వవలసి వస్తుందని, అందుకే ఈ మాట దాచమని కోరాడు. కృష్ణుడు దాచాడు. మిత్రధర్మమూ, ఇచ్చిన మాటా నిలిచాయి. ఎవరికి తెలిస్తే యుద్ధం ఆగేదో అతనికి మాత్రం తెలియలేదు. అంతా ముగిశాక కుంతి నోట నిజం విన్న ధర్మరాజు, ముందే తెలిసి ఉంటే ఈ వంశనాశనం జరిగేది కాదని విలపించి, స్త్రీలకు రహస్యం దాగకుండుగాక అని శపించాడు. అదే రహస్యాన్ని యుద్ధానికి ముందే ఎరిగి దాచినవారిలో కృష్ణుడూ కర్ణుడూ ఉన్నా, శాపం మాత్రం స్త్రీల మీదనే పడింది.