అరుగు ఎవరిది?

ఏలూరు వన్ టౌన్‌లోనో తాడేపల్లిగూడెం పాత వీధుల్లోనో ఒక మండువా ఇల్లు షాపుగా మారిపోతే మన నోట్లోంచి ముందుగా వచ్చే మాట "అయ్యో". అరుగు కొట్టేసి షట్టర్ దించుతారు. ఆకాశం కనపడాల్సిన చోట రేకు వేస్తారు. పెంకుల వాలు ఫ్లెక్సీ వెనక్కి పోతుంది. టేకు స్తంభాలు మిగిలితే అదృష్టమే. లేదంటే అవి విడిగా అమ్ముడుపోయి, ఏ రిసార్టులోనో "ట్రెడిషనల్ లుక్" కోసం నిలబడతాయి.

ఇంతకీ ఆ "అయ్యో" ఎవరి తరఫున అంటున్నాం?

ఇంటివాళ్ళ తరఫున అయితే కాదు. పెంకుటిల్లు ఏటా ఖర్చు పెట్టిస్తుంది. వానలకి ముందే పగిలిన పెంకులు మార్చాలి, వాసాలకి చెద పట్టిందేమో చూసుకోవాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండి, నలుగురు అన్నదమ్ములకి వాటాలున్న ఇంట్లో అద్దె ఒక్కటే అందరూ ఒప్పుకునే మాట. అందులో రూపాయి పెట్టని నేను "అలాగే ఉంచండి" అంటే, నా మురిపేనికి వాళ్ళచేత డబ్బు కట్టించడమే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మండువా లోగిలి అందమంతా దాని వరసలో ఉంది: వీధి, అరుగు, వసారా, మండువా, వంటిల్లు. ఎవరు అరుగు దగ్గర ఆగాలి, ఎవరు అసలు అరుగే ఎక్కకూడదు, ఆడవాళ్ళు ఎక్కడిదాకా రావాలి అన్నవి కులమూ ఆచారమూ తేల్చేవి. అదే ఇల్లు చీరల కొట్టయితే, ఒకప్పుడు వీధిలోనే నిలబడి మాట్లాడిన మనిషి మనవరాలు తిన్నగా మండువాలోకి నడిచొచ్చి బేరమాడుతుంది. దీన్ని నష్టం అనలేను.

మరి పోయిందేమీ లేదా? ఉంది. ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో 'రోస్' అనే మధ్యయుగాల నాటి కట్టడాలున్నాయి. కింద కొట్లు, పై అంతస్తులో, ఇళ్ళ ముందు భాగం గుండానే, ఊరంతా నడిచే వసారా. ఇల్లు సొంతం, నడక ఊరిది. 1643లో, అంతర్యుద్ధం రోజుల్లో, సర్ రిచర్డ్ గ్రోవెనర్ లోయర్ బ్రిడ్జ్ స్ట్రీట్‌లో తన ఇంటి గుండా పోయే ఆ వసారాని ఇంట్లో కలుపుకుంటానని నగరసభకి అర్జీ పెట్టుకున్నాడు. తర్వాత ఆ వీధిలో మరికొందరూ అదే పని చేశారు. ఆ నడక అక్కడ చాలావరకు తెగిపోయింది. అయినా, అంత పెద్దమనిషీ అడిగి తీసుకోవాల్సి వచ్చింది చూడండి.

మన అరుగు మీద ఊరికి అలాంటి హక్కెప్పుడూ లేదు. అది ఇంటివాళ్ళ దయ. దయ కాబట్టే కులం చూసింది, దయ కాబట్టే ఒక్క పూటలో షట్టరైపోయింది. షాపు తలుపు అందరికీ తెరుచుకుంది, కాకపోతే కొనేవాళ్ళుగా. ఏమీ కొనకుండా ఎండవేళ కాసేపు కూర్చునే చోటు మాత్రం పోయింది.

అందుకని నేననేది ఇంతే. షాపు పెట్టుకోండి, ఏసీ పెట్టుకోండి. రెండడుగుల అరుగు మాత్రం వీధికి వదలండి, ఈసారి కూర్చున్నవాళ్ళెవరినీ లేపకుండా. అలా వదిలినవాళ్ళకి మున్సిపాలిటీ ఇంటిపన్ను కొంత తగ్గించాలి. ఆ భారం ఊరందరి మీదా పడుతుంది. పడాలి కూడా. "అయ్యో" అంటున్నది మనమే కదా.