బుద్ధుడు బాంబును చూసి నవ్వుతాడా?

 

వైశాఖ పున్నమి మనకు పెద్ద పండుగ. ఆ రోజు తెల్లబట్టలు కట్టుకుంటాం, త్రిశరణ పంచశీల చెప్పుకుంటాం. 1998లో ఆ పున్నమి మే 11న వచ్చింది. సరిగ్గా ఆ రోజే రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో మన దేశం మూడు అణు పరీక్షలు చేసింది. మే 13న ఇంకో రెండు. 1974 మే 18న అక్కడే జరిగిన మొదటి పరీక్షకు లోకంలో స్థిరపడిన పేరు ఏమిటో తెలుసా? 'నవ్వే బుద్ధుడు'.

మన మొదటి శీలమే ప్రాణం తీయవద్దని. ఆ శీలం చెప్పిన తథాగతుని పేరు బాంబుకు పెట్టారు. మనలో ఎంతమందిమి నొచ్చుకున్నాం? నేను కూడా ఆనాడు చప్పట్లు కొట్టినవాణ్ణే. అందుకే ఈ మాట మీకు చెప్తున్నా.

ఈ బాంబు కథ పొడుగేమీ కాదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా వేసింది. ఆ ఏడాది చివరికి రెండు ఊళ్లలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారు. 1949లో సోవియట్ రష్యా తానూ బాంబు చేసుకుంది. వాడికుంటే నాకూ ఉండాల్సిందే అనుకుంటూ పోతే, 1980లలో లోకంలోని అణ్వాయుధాలు అరవై వేలు దాటాయి. ఇప్పుడు సుమారు పన్నెండు వేలు. పదింట తొమ్మిది వంతులు ఆ రెండు దేశాలవే. మన దగ్గర 180 దాకా ఉన్నాయని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ 2025లో అంచనా వేసింది.

"శత్రువు పక్కనే ఉన్నాడు కదన్నా, బాంబు లేకుంటే ఎట్లా?" అని మన పిల్లలే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బాబాసాహెబ్ కూడా అహింసను గుడ్డి నియమంగా చెప్పలేదు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో విడమరిచి చెప్పాడు. మరి సైనికుణ్ణీ, ఉయ్యాలలోని పసిబిడ్డనూ ఒకే మంటలో కాల్చేదాన్ని ఏ అవసరం కింద లెక్క కడదాం? మీరే చెప్పండి.

సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడో కూడా బాబాసాహెబ్ అందులోనే చెప్పాడు. ముసలివాణ్ణీ శవాన్నీ చూసి కాదు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి సిద్ధమయ్యారు. ఎల్లెల్సీ కాలువ గట్టున నీళ్ల కొట్లాటలు చూసిన మనకు ఆ కోపం తెలియనిది కాదు. సంఘంలో ఎక్కువమంది యుద్ధమే అన్నారు. సిద్ధార్థుడు మాత్రం వద్దన్నాడు. ఓడిపోయాడు. అయినా కత్తి పట్టనని పరివ్రాజకుడై దేశం విడిచాడు. అందరూ ఊ అన్నచోట ఊహూ అనడంతోనే మన ధమ్మం మొదలైంది.

దానికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. ఆలూరు నుంచి పత్తికొండ మీదుగా గుత్తి రోడ్డు పట్టుకుంటే ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. 1929లో బయటపడ్డాయి. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ గెలిచిన రాజే చెప్పుకుని, బాధపడి, ధమ్మంతో గెలిచేదే అసలు గెలుపు అన్నాడు. కళింగలోని ధౌళి, జౌగడ బండల మీద ఆ మాట చెక్కించలేదు. మన ఎర్రగుడి బండ మీద ఉంది! రాజు పశ్చాత్తాపం మన గడ్డ మీద ఉంటే, మనమేమో మేకలు తోలుకుంటూ దాని పక్కనుంచే పోతున్నాం.

ఇంకో సంగతి. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ యురేనియం బాంబుకేనని నేననను, కరెంటుకూ అదే కావాలి. కానీ నేలా నీళ్లూ మావి అని అడిగినవాళ్లు ఎవరు? సుగ్గికి పోయి బతికే మనలాంటి జనమే. వాళ్లు కర్ర ఎత్తలేదు, గొంతు ఎత్తారు. వద్దు అనే మాటకు ఎంత బలముందో వాళ్లను చూసి నేర్చుకోవాలి.

కాబట్టి వచ్చే వైశాఖ పున్నమికి ఒక పని చేద్దాం. పిల్లలను ఎర్రగుడికి తీసుకుపోదాం. ఆ బండ ముందు కూర్చోబెట్టి కళింగ కథ చెప్దాం, హిరోషిమా కథ చెప్దాం. సకల ప్రాణుల మీద దయ చూపి కాపాడతానని 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ప్రతిజ్ఞను మళ్లీ చేద్దాం. బుద్ధుడు నవ్వేది బాంబు పేలినప్పుడు కాదు, ఆ మాట మన పిల్లల నోట పలికినప్పుడు.

అందరికీ మంగళం కలుగుగాక. జై భీమ్!